ఏజెంట్లు రెండు, ఫోల్డర్ ఒకటి

ప్రశ్న: నమస్తే సార్. హైదరాబాద్ కేపీహెచ్‌బీలో రూమ్‌లో ఉంటూ మా మేనమామ స్వీట్ షాపుకి బిల్లింగ్ ప్రోగ్రామ్ రాస్తున్నాను. నాది 8 జీబీ ర్యామ్ ఉన్న విండోస్ లాప్‌టాప్. డబ్ల్యూఎస్ఎల్ 2లో (విండోస్‌లోనే లైనక్స్ నడిపే ఏర్పాటు) క్లాడ్ కోడ్ అనే, చెప్పిన పనికి కోడ్ రాసిపెట్టే ఏఐ ఏజెంట్‌ని వేసుకుని, రెండు టెర్మినళ్లు తెరిచి ఒకదానికి జీఎస్‌టీ పని, ఇంకోదానికి ప్రింటర్ పని అప్పగించాను. అరగంటలో ఒకటి రాసింది ఇంకోటి చెరిపేసింది. పైగా అన్నీ స్లో. టూల్ మార్చమంటారా?

జవాబు: టూల్‌ని ఏమీ అనకండి. రెండింటినీ ఒకే ఫోల్డర్‌లో కూర్చోబెట్టింది మీరే కదా! ఇరవై ఏళ్ల కిందట అమీర్‌పేటలో నేను ప్రాజెక్టు క్లాసులు చెప్పేటప్పుడు మా పిల్లలు ముగ్గురేసి ఒకే షేర్డ్ ఫోల్డర్‌లో పనిచేసేవారు. ఎవరైనా ఫైల్ సేవ్ చేసే ముందు "నేను కొడుతున్నా, ఆగండ్రా!" అని కేకేసేవారు. ఏజెంట్లకు ఆ కేక రాదు.

దీనికి కొత్త సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. కోడ్‌లో మార్పుల హిస్టరీ దాచే గిట్‌లో 2015 నుంచీ, అంటే 2.5 వెర్షన్ నుంచీ, ఒకే ప్రాజెక్టుని వేర్వేరు ఫోల్డర్లలో తెరిచే వర్క్‌ట్రీ ఉంది. 'గిట్ వర్క్‌ట్రీ యాడ్' కమాండ్‌తో జీఎస్‌టీకి ఒక ఫోల్డర్, ప్రింటర్‌కి ఒక ఫోల్డర్ తీయండి. దేని బ్రాంచ్ (మార్పుల విడి పాయ) దానిది, హిస్టరీ మాత్రం ఉమ్మడి. అయితే గిట్ పట్టించుకోవద్దని మీరు చెప్పిన ఫైళ్లు కొత్త ఫోల్డర్‌లోకి రావు. డేటాబేస్ పేరు లాంటి సెట్టింగులుండే డాట్ ఎన్వ్ ఫైల్‌ని మీరే కాపీ చేయాలి, ప్రాజెక్టుకి కావాల్సిన లైబ్రరీలు దించే ఎన్‌పీఎమ్ ఇన్‌స్టాల్ మళ్లీ కొట్టాలి. ప్రోగ్రామ్‌ని నడిపి చూసే సర్వర్లు రెండూ ఒకే పోర్టు నంబరు వాడలేవు, ఒకటి 3000లో ఉంటే రెండోదాన్ని 3001కి మార్చండి.

డేటాబేస్ దగ్గర నేనూ దెబ్బతిన్నాను. ఫోల్డర్లు విడదీశాను కానీ టెస్ట్ డేటాబేస్ ఒక్కటే ఉంచాను. ఒక ఏజెంట్ టేబుల్‌లో కాలమ్ పేరు మార్చింది. రెండోది ఆ పేరు కనబడక, తన కోడే తప్పనుకుని గంటసేపు మరమ్మతులు చేస్తూ కూర్చుంది. పాపం, దాని తప్పేం లేదు. డాట్ ఎన్వ్ కాపీ చేస్తారు కదా, అందులో డేటాబేస్ పేరు కూడా అప్పుడే మార్చేయండి.

ఇక స్లో సంగతి. మీ కోడ్ సి డ్రైవ్‌లో ఉందేమో చూడండి. లైనక్స్ వైపు నుంచి ఆ డ్రైవ్‌లోని ఫైళ్లు చదవడం బాగా నెమ్మది. ప్రాజెక్టుని ఉబుంటు (డబ్ల్యూఎస్ఎల్‌లోని లైనక్స్) హోమ్ ఫోల్డర్‌లోకి మార్చండి. డబ్ల్యూఎస్ఎల్ మామూలుగా ఉన్న ర్యామ్‌లో సగమే వాడుకుంటుంది, అంటే మీకు 4 జీబీ. రెండు సర్వర్లు నడిపితే ఇరుకే. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు దొరికే సీటీసీకి వెళ్లి ర్యామ్ వేయించొచ్చు. కొన్ని మోడళ్లలో అది బోర్డుకే అతికించి ఉంటుంది, స్లాట్ ఉందో లేదో కనుక్కున్నాకే మెట్రో ఎక్కండి.

క్లాడ్ కోడ్ ప్రతిసారీ పర్మిషన్ అడుగుతోందని విసుగొచ్చి ఆ అడగడాన్ని ఆపేయకండి. ఆ ఆప్షన్ పేరులోనే 'డేంజరస్‌లీ' అని తయారుచేసినవాళ్లే పెట్టారు. జీఎస్‌టీ రేట్లు కూడా ఏజెంట్‌ని అడగొద్దు. మామయ్యగారి ఆడిటర్‌ని అడిగి, క్లాడ్ డాట్ ఎండీ ఫైల్‌లో రాసిపెట్టండి. మొదలుపెట్టిన ప్రతిసారీ అది ఆ ఫైల్ చదువుకుంటుంది.

రెండు బ్రాంచ్‌లనూ ఒకేసారి కలపకండి. ముందు జీఎస్‌టీది మెయిన్ అనే అసలు బ్రాంచ్‌లో కలిపి, పావుకిలో మైసూర్‌పాక్, ఆరు పూతరేకులకు ఒక బిల్లు కొట్టి చూడండి. ఒకటి తూకం, ఒకటి లెక్క. మొత్తం సరిగ్గా వచ్చాకే ప్రింటర్ జోలికి వెళ్లండి.