బాబు బరువు పెరుగుతున్నాడు, యాప్ ఆపేయొచ్చా?

ప్రశ్న: కాన్పుకు ఖమ్మంలో పుట్టింటికి వచ్చాను. బాబుకు ఏడు వారాలు, నా పాలే పడుతున్నాను. నెలలు నిండే పుట్టాడు. అప్పుడు 2.9 కిలోలు, ఆరు వారాల టీకాకు తీసుకెళ్తే 3.9 ఉన్నాడు. ఆసుపత్రిలో నర్సు చెప్పిందని మొదటి రోజు నుంచీ ఏ వైపు ఎన్ని నిమిషాలు తాగాడు, ఎన్ని డైపర్లు మార్చాను, అన్నీ యాప్‌లో ఎక్కిస్తున్నాను. హైదరాబాద్‌లో ఉన్న మావారికీ అది కనిపిస్తుంది. ఒక్కటి మర్చిపోతే చాలు, ‘రెండింటికి పాలు పట్టలేదా?’ అని ఫోన్. మొన్న మూడు రోజులు మోషన్ కాకపోతే ఇద్దరికీ నిద్ర లేదు. అమ్మేమో ‘పాలు తాగేది పిల్లాడా, ఫోనా?’ అని విసుక్కుంటోంది. ఆపేద్దామంటే ఏదైనా గమనించకుండా పోతానేమోనని భయం. ఎప్పుడు ఆపాలి?

జవాబు: ఈ రోజే ఆపేయొచ్చు.

నర్సు చెప్పింది తప్పేం కాదు. తల్లిపాలు తాగే బిడ్డ ఎంత తాగాడో కంటికి కనిపించదు. అందుకే మొదటి రోజుల్లో లోపలికి వెళ్లినదాన్ని బయటికి వచ్చినదాన్ని బట్టి అంచనా వేస్తారు. రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు తాగడం, అయిదో రోజు దాటాక కనీసం 6 సార్లు మూత్రం, నల్లటి మలం పోయి పసుపు రంగులోకి రావడం చూస్తారు. పుట్టగానే కాస్త తగ్గిన బరువు దాదాపు రెండు వారాల్లోపు తిరిగి రావాలి. వచ్చి, ఆపైన పెరుగుతూ ఉంటే రాత పని అయిపోయినట్టే. మొదటి మూడు నెలల్లో పిల్లలు సుమారుగా రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరుగుతారు. మీవాడు ఆరు వారాల్లో కిలో పెరిగాడు. ఇంకేం కావాలి? నెలలు నిండకుండానో, రెండున్నర కిలోల కంటే తక్కువతోనో పుట్టినవాళ్లకూ, బరువు సరిగా పెరగనివాళ్లకూ మాత్రం డాక్టరు చాలన్నదాకా రాయాలి. వాళ్ల లెక్క వేరు.

ముందు ఆ నిమిషాలు వదిలేయండి. ఒక బిడ్డ ఏడు నిమిషాల్లో కడుపు నింపుకుంటాడు, ఇంకొకడు అరగంట చప్పరిస్తూ సగం నిద్రపోతాడు. అర్ధరాత్రి వాడు అప్పుడే రొమ్ము అందుకుంటాడు, మీరు బటన్ నొక్కడానికి ఫోన్ కోసం ఒరుగుతారు, పట్టు జారుతుంది, వాడు ఏడుస్తాడు. గడియారం బదులు వాడి గొంతు చూడండి. మింగుతున్నట్టు తెలుస్తుంది. కడుపు నిండితే పిడికిళ్లు వదులవుతాయి. ఇది మీ అమ్మగారికి ఏ యాప్ లేకుండానే తెలుసు, ఆవిడ విసుగులో న్యాయముంది.

మోషన్ సంగతి. ఆరు వారాలు దాటాక, తల్లిపాలు మాత్రమే తాగే పిల్లలు కొన్ని రోజుల పాటు వెళ్లకపోవడం మామూలే. పొట్ట మెత్తగా ఉండి, పాలు బాగా తాగుతూ, వెళ్లినప్పుడు మెత్తగా వెళ్తే మలబద్ధకం కాదు. ఆముదం, వాము నీళ్లు పట్టించమని చుట్టుపక్కల ఎవరైనా అంటే మాత్రం వద్దనండి.

ఇక మీరు రాయాల్సింది ఒక్కటే: డాక్టరు విటమిన్ డి చుక్కలు రాసి ఉంటే, వేసినట్టు క్యాలెండర్ మీద రోజూ ఒక టిక్కు. మీరూ అమ్మగారూ ఇద్దరూ వేసేయకుండా. బరువు సంగతి పది వారాల టీకాకు వెళ్లినప్పుడు తూచి, తల్లీబిడ్డల కార్డులో రాయించుకుంటే సరి. ఏదో తప్పిపోతుందనే భయానికి ఇవి గుర్తుంచుకోండి: లేపినా పాలు తాగకపోవడం, 8 గంటలైనా డైపర్ తడవకపోవడం, 100.4 డిగ్రీలు, అంతకంటే ఎక్కువ జ్వరం, ఆకుపచ్చ వాంతి, తెల్లటి మలం. వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి. ఇవి కంటికి కనిపించేవే, లెక్క కట్టి పట్టుకునేవి కావు.

ఇప్పుడు మీవారి గురించి. ఉత్తరంలో అసలు చిక్కు ఇక్కడే ఉందనిపిస్తోంది. ఆయన మిమ్మల్ని తనిఖీ చేస్తున్నట్టు మీకు అనిపిస్తోంది, నిజమే. కానీ దాదాపు రెండు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ తండ్రికి కొడుకంటే ఆ తెరమీద పడే అంకెలే. ఒక్క మాటా చెప్పకుండా యాప్ తీసేస్తే ఆయన ఫోన్లు ఇంకా పెరుగుతాయి. ముందే చెప్పండి: ‘బరువు బాగుంది, లెక్కలు ఆపేస్తున్నాను. రోజూ స్నానం టైముకి వీడియో కాల్ చేస్తాను’. నలుగు పెట్టి కాళ్ల మీద పడుకోబెట్టి నీళ్లు పోస్తుంటే వాడు పెట్టే పేచీ చూస్తే ఆయనకే అర్థమవుతుంది, పిల్లాడికి ఏ లోటూ లేదని. శని ఆదివారాలు వచ్చినప్పుడు డైపర్లు ఆయన్నే మార్చమనండి.

ఒకవేళ యాప్ తీసేశాక కూడా మనసు లెక్కలు కడుతూనే ఉంటే, బాబు నిద్రపోతున్నా మీకు నిద్ర పట్టకపోతే, ఊపిరి ఆడుతోందా అని పదే పదే లేచి చూస్తుంటే, అది బాలింతల్లో చాలామందికి వచ్చే ఆందోళన. చికిత్స ఉంది. మీ గైనకాలజిస్టుకు చెప్పండి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు.

మూడో నెలలో హైదరాబాద్ వెళ్లాక ఆయన మళ్లీ యాప్ మొదలుపెడదామంటే, రాత్రిపూట లేచేది ఎవరన్న లెక్క కూడా అందులో వేయమనండి.