కంచు గంటకు పడ్డ కొరడా దెబ్బలు

అమ్మాయ్,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. ఫ్లోరెన్స్‌లో చదువుకుంటూ, మే 23న క్లాసు ఎగ్గొట్టి మరీ ఊరి నడిబొడ్డున ఉన్న సిన్యోరియా పియాజ్జా అనే చౌకుకి వెళ్లి, అయిదొందల ఏళ్ల కిందట అక్కడే కాల్చేసిన క్రైస్తవ సన్యాసి సవొనరోలా వర్ధంతికి పూలు చల్లడం కళ్లారా చూసి రాశావు కదా, అందుకని మొదటిసారి సంబరంగా చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. కోపం తెచ్చుకోకు, మొదటి పేజీ మొత్తం కొట్టేశాను.

"మానవ చరిత్రలో కొందరు మహనీయులు" అని ఎత్తుకున్నావు. ఆ వాక్యం పైన ఎవరి ఫోటో అంటించినా సరిపోతుందమ్మా. మన వర్ధంతి వ్యాసాలకు పట్టిన జబ్బే ఇది, నాకూ ఉండేది. కుర్రతనంలో ఒక పెద్దాయన వర్ధంతికి ఓ ఆదివారం అనుబంధంలో ఇలాంటిదే రాశాను. పేరు మార్చి ఇంకెవరికి వాడుకున్నా తేడా తెలియదు, వచ్చే ఏడాదికి దాచుకోండి అని ఒక పాఠకుడు కార్డు రాశాడు. ఆ కార్డు ఇప్పటికీ నా డిక్షనరీలో ఉంది.

నీ దగ్గర సరుకు లేదా అంటే, బోలెడంత ఉంది. మూడో పేజీలో, నేల మీద గుండ్రటి రాతి ఫలకం, చుట్టూ గులాబీ రేకులు అని ఒక్క ముక్క రాసి ముందుకెళ్లిపోయావు. ఎందుకంత తొందర? ఆ రాతి మీద ఏం చెక్కారో చదివావా? 1498 మే 23న సవొనరోలాని, తోటి సన్యాసులు దొమెనికో, సిల్వెస్త్రోలతో పాటు, అన్యాయమైన తీర్పుతో ఇక్కడ ఉరితీసి కాల్చారని ఉంటుంది. నాలుగు శతాబ్దాల తర్వాత ఈ గుర్తు పెట్టామనీ ఉంటుంది. మరి ఆ తీర్పు ఎవరిచ్చారు? ఎదురుగా కనిపించే పాలక భవనం పలాజ్జో వెక్కియోలో కూర్చున్న ఊరి పెద్దలు, పోప్ పంపిన ఇద్దరు ప్రతినిధులు కలిసి ఇచ్చారు. అంతకుముందు నెలకు పైగా ఆయన్ని బంధించింది ఆ భవనం బురుజులోనే. ఇప్పుడు వర్ధంతి ప్రార్థన జరిగేదీ ఆ భవనంలోని చిన్న చాపెల్‌లోనే, అది అయ్యాకే పూలు చల్లడం. కాల్చిన ఇంటివాళ్లే తద్దినం పెడుతున్నారన్నమాట. నీ వ్యాసం ఇక్కడ మొదలవ్వాలి.

ఇంకో సంగతి. నువ్వు ఆయన్ని సంస్కర్త అన్నావు, ఒప్పుకుంటాను. 1494లో ఊరిని ఏలిన మెడిచీ కుటుంబం పారిపోయాక వేలమందికి చోటున్న మహాసభ ఏర్పడటానికి వెనక నిలబడ్డాడు, పోప్ ఆరో అలెగ్జాండర్ అక్రమాల్ని జంకు లేకుండా ఎత్తిచూపాడు, చర్చి నుంచి వెలివేసినా ఆగలేదు. ఇదంతా నాలుగు పేజీలు రాశావు. కానీ 1497 ఫిబ్రవరి 7న అదే పియాజ్జాలో అద్దాలు, పేకముక్కలు, సవరాలు, వాద్యాలు, పుస్తకాలు, చిత్రాలు గుట్టగా పేర్చి తగలబెట్టించిన విషయాన్ని మాత్రం "కొన్ని అతివాద చర్యలు" అని దాటేశావు. పిల్లల్ని ఇంటింటికీ పంపి మరీ పోగుచేయించాడు. పుస్తకాలు కాలిన చోట రాసేవాళ్లు గొంతు తగ్గిస్తే ఎలాగమ్మా? పదహారు నెలలు తిరక్కముందే అక్కడే ఆయనకీ కట్టెలు పేర్చారు. ఆ రెండు మంటల్నీ పక్కపక్కన పెట్టి ఊరుకో. "విధి విలాసం" అనే మాట నీ వ్యాసంలో మూడుసార్లుంది, మూడూ తీసెయ్.

తాను ప్రవక్తను కానని ఆయన ఒప్పుకున్నాడని కొటేషన్లలో పెట్టి రాశావు. జాగ్రత్త. చేతులు వెనక్కి విరిచికట్టి, తాడుతో పైకి లాగి, దబ్బున వదిలి చెప్పించిన మాటలవి. రాసుకున్న గుమస్తా చెకోనే వాటిని మార్చాడని చరిత్రకారులు గట్టిగా చెబుతారు. అలాంటి కాగితంలోంచి మాట తీసుకుంటే, ఏ కాగితంలోంచి తీశావో పక్కనే చెప్పాలి. ఆయన సొంతమాట కావాలంటే అదే జైల్లో బైబిల్లోని 51వ కీర్తన మీద రాసుకున్న ధ్యానం ఉంది, తర్వాత ప్రొటెస్టెంట్ ఉద్యమకారుడు లూథర్ దాన్ని అచ్చు వేయించాడు. అది చదువు.

నన్నడిగితే ఇవన్నీ ఒక ఎత్తు, గంట ఒక ఎత్తు. నువ్వు దాని ఊసే ఎత్తలేదు!

1498 ఏప్రిల్ 7న అగ్నిపరీక్ష అన్నారు. ఆయన తరఫున దొమెనికో, అటువైపు ఒక ఫ్రాన్సిస్కన్ సన్యాసి నిప్పుల్లో నడవాలి. తమాషా చూద్దామని జనం పొద్దుట్నుంచీ నిలబడ్డారు. ఏ అంగీ వేసుకోవాలి, చేతిలో ఏం పట్టుకోవాలి అని రెండు మఠాలవాళ్లూ సాయంత్రం దాకా వాదించుకున్నారు, ఈలోపు వాన వచ్చింది, ఎవరూ నడవలేదు. మర్నాడు ఆ కోపమంతా సవొనరోలా ఉండే సాన్ మార్కో మఠం మీద పడింది. లోపలివాళ్లు సాయం కోసం గంట కొట్టారు. సవొనరోలా అనుచరుల్ని ఊరివాళ్లు పియాన్యోని అని వెక్కిరించేవాళ్లు, మన భాషలో చెప్పాలంటే ఏడుపుగొట్టు మొహాలని, ఆ గంటకీ పియాన్యోనా అనే పేరు. ఆయన్ని పట్టుకున్నాక గంటని కూడా వదల్లేదు. కిందికి దింపి, బండి కట్టి, వీధులన్నీ తిప్పుతూ తలారి చేత కొరడాతో కొట్టించి, ఊరి బయట కొండ మీది మఠానికి దేశబహిష్కారం చేశారు. కంచు గంటకి శిక్ష! 1509లో మళ్లీ తెచ్చుకున్నారు. ఇప్పుడు సాన్ మార్కో మ్యూజియంలోనే ఉంది, నువ్వేమో అదే మ్యూజియం టికెట్ ఫోటో నాకు పంపావు.

అక్కడే ఆయన్ని కాల్చిన రోజు బొమ్మ కూడా ఉంది. మధ్యలో మంట మండుతుంటే, పియాజ్జాలో జనం ఇద్దరిద్దరు ముగ్గురు ముగ్గురు కబుర్లాడుకుంటూ ఉంటారు, ఒకడు కట్టెలమోపు మోసుకొస్తుంటాడు. "ఊరు ఊరంతా కన్నీరు మున్నీరైంది" అని నువ్వు రాశావు చూడు, అది ఆ బొమ్మ ముందు నిలబడి చదువుకో, నీకే నవ్వొస్తుంది.

పొంటె వెక్కియో భాగం బాగుంది, ముట్టుకోకు. అస్థికలు ఎవరూ ఏరుకుని పూజించకుండా బూడిద ఆర్నోలో పారబోశారు, ఇప్పుడు ఆ వంతెన మీంచే పూలరేకులు నదిలోకి వదులుతున్నారు అని రెండే వాక్యాల్లో చెప్పావు. మిగతాదంతా అలాగే రాయొచ్చుగా.

తొందరేం లేదు, పరీక్షలయ్యాకే తిరగరాయి. కుదిరితే ఒక ఆదివారం రైలెక్కి ఫెరారా వెళ్లిరా, ఆయన పుట్టిన ఊరు. కోట పక్కనే 1875లో పెట్టిన విగ్రహం ఉంది, చేతులు పైకెత్తి ఇంకా ఎవరినో కోప్పడుతున్నట్టే ఉంటాడు. వెళ్లేముందు మాత్రం ఇంకోసారి సాన్ మార్కోకి పోయి ఆ గంట చుట్టూ తిరిగి చూడు. కంచు మీద కొరడా గీతలు మిగలవనుకో, అయినా చూసి చెప్పు.

ఉంటాను,
బాబాయ్

(ఇంకోసారి "సార్" అని రాస్తే ఉత్తరం తిప్పి పంపుతాను.)