ఆర్కిటిక్ పరిశోధన: మంచు మీదా, మనుషుల మీదా?

ప్రశ్న: మా అమ్మాయి విశాఖపట్నంలో గణితం, భౌతికశాస్త్రం, జియాలజీ సబ్జెక్టులతో బీఎస్సీ చివరి సంవత్సరం చదువుతోంది. ఆర్కిటిక్ పర్యావరణం మీద, అక్కడి మూలవాసులైన ఇన్యూట్ ప్రజల జీవితం మీద పరిశోధన చేస్తానంటోంది. ఇలాంటి చదువు మన దగ్గర ఉందా? ఉపాధి మాటేమిటి? అంత దూరం ఒంటరిగా పంపవచ్చా?
– ఒక తల్లి, కాకినాడ

జవాబు: అమ్మా, మీ అమ్మాయి కోరిక తీరనిదేమీ కాదు. అయితే ఆమె ఒక్కటిగా చెబుతున్న లక్ష్యంలో రెండు వేర్వేరు దారులు ఉన్నాయి: ఒకటి మంచు, సముద్రం, వాతావరణాల మీద పరిశోధన, రెండోది అక్కడి మనుషుల మీద పరిశోధన. వాటిలో ఏది ముందో తేల్చుకోకుండా కోర్సు ఎంచుకుంటే రెండు మూడేళ్ల తర్వాత వెనక్కి రావలసి వస్తుంది.

మన దేశానికి ఆర్కిటిక్‌లో ఉన్న పరిశోధన కేంద్రం హిమాద్రి. 2008లో ప్రారంభమైన ఈ కేంద్రం నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో, ఉత్తర ధ్రువానికి సుమారు 1,200 కిలోమీటర్ల దూరంలో ఉంది. స్వాల్‌బార్డ్‌లో మూలవాసులు లేరు. ఇన్యూట్ ప్రజలు గ్రీన్‌లాండ్, ఉత్తర కెనడా, అలాస్కా, రష్యాలోని చుకోట్కా ప్రాంతాల్లో నివసిస్తారు. కాబట్టి భారత ఆర్కిటిక్ కార్యక్రమం ద్వారా ఆమె హిమానీనదాల దగ్గరికి, సముద్రపు పాయల దగ్గరికి, ధ్రువ వాతావరణం దగ్గరికి చేరగలదు గాని ఇన్యూట్ ఊళ్లకు చేరలేదు. ఈ సంగతి ఆమెకు ఇప్పుడే తెలియడం అవసరం.

ప్రకృతి శాస్త్రాల దారి మన దగ్గరి నుంచే మొదలవుతుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వాతావరణ శాస్త్రం, సముద్ర శాస్త్రం చెప్పే విభాగం ఉంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో భూ, సముద్ర, వాతావరణ శాస్త్రాల కేంద్రం ఉంది. ఆమె సబ్జెక్టులు వీటికి బాగా సరిపోతాయి. ఎమ్మెస్సీ తర్వాత నెట్ లేదా గేట్ ద్వారా ఫెలోషిప్ సంపాదించి, గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రంలో గాని, ఆ కేంద్రంతో కలిసి ధ్రువ ప్రాజెక్టులు చేస్తున్న విశ్వవిద్యాలయంలో గాని పీహెచ్‌డీకి ప్రయత్నించవచ్చు. హిమాద్రికి వెళ్లే బృందాలను ఈ కేంద్రమే పంపుతుంది. 2023 డిసెంబరు నుంచి సూర్యుడు కనిపించని ధ్రువరాత్రి కాలంలో కూడా మన శాస్త్రవేత్తలు అక్కడ పనిచేయడం మొదలైంది. ఉపాధి విషయానికి వస్తే, ధ్రువ పరిశోధనకే పరిమితమైన ఉద్యోగాలు కొద్ది. అందుచేత ఎమ్మెస్సీలోనే రిమోట్ సెన్సింగ్ (ఉపగ్రహాల ద్వారా పరిశీలన), జీఐఎస్ (కంప్యూటర్ పటాల విశ్లేషణ), ప్రోగ్రామింగ్ గట్టిగా నేర్చుకోమనండి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార కేంద్రం), ఎన్‌ఆర్‌ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) వంటి సంస్థల్లోనూ ఈ నైపుణ్యాలే అక్కరకు వస్తాయి.

ఇక ఇన్యూట్ సమాజాల మీద పరిశోధన సంగతి. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ మార్కుల కంటే వైఖరికే విలువ ఎక్కువ. కెనడా ప్రభుత్వం 1953లో ఉత్తర క్యూబెక్‌లోని ఇనుక్జువాక్‌కు చెందిన ఇన్యూట్ కుటుంబాలను దాదాపు రెండు వేల కిలోమీటర్ల ఉత్తరాన ఉన్న రెజల్యూట్, గ్రీస్ ఫియోర్డ్ ప్రాంతాలకు తరలించి, వాళ్లు కడగండ్లు పడ్డాక ఎప్పటికో 2010లో క్షమాపణ చెప్పింది. బయటి నుంచి వచ్చినవారు తమ గురించి నిర్ణయాలు చేయడం, తమను కొలిచి రాసుకుని వెళ్లిపోవడం వాళ్లు తరాలుగా చూశారు. అందువల్లనే ఈనాడు ఉత్తర కెనడాలోని ఇన్యూట్ ప్రాంతమైన నూనావుట్‌లో, దాని రాజధాని ఇకాలుయిట్‌లోని పరిశోధన సంస్థ నుంచి లైసెన్సు లేకుండా ఎవరూ ఇలాంటి పరిశోధన చేయడానికి వీల్లేదు. కెనడా ఇన్యూట్ ప్రజల జాతీయ సంస్థ 2018లో తన సొంత పరిశోధన విధానాన్ని ప్రకటించి, ప్రశ్నలు ఎంచుకోవడంలోనూ, సేకరించిన సమాచారం మీదా తమకు అధికారం ఉండాలని స్పష్టం చేసింది. ఇది న్యాయమైన కోరిక అని నా దృఢమైన అభిప్రాయం.

అక్కడ విజ్ఞానశాస్త్రాన్నీ సమాజాన్నీ విడదీయడం ఎంత కష్టమో ఒక ఉదాహరణ చెబుతాను. 1980లలో క్యూబెక్ ఉత్తరాన ఉన్న నూనావిక్‌లో ఇన్యూట్ తల్లుల పాలలో పీసీబీ అనే పారిశ్రామిక రసాయనాలు దక్షిణ క్యూబెక్ తల్లుల పాలలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉన్నట్లు బయటపడింది. ఆ రసాయనాలు దూర దేశాల నుంచి గాలి, నీటి ప్రవాహాల ద్వారా వచ్చి, సీల్, తిమింగలాల కొవ్వులో పేరుకుని, ఆ ఆహారం ద్వారా మనుషులకు చేరాయి. కొలత ఒక ఎత్తయితే, పోషకాలు నిండిన తమ సంప్రదాయ ఆహారాన్నీ, తల్లిపాలనూ జనం భయంతో మానుకోకుండా ఆ సంగతిని చెప్పడం మరో ఎత్తు. ఆ సమస్య తీవ్రతను ఇన్యూట్ నాయకులే ప్రపంచ వేదికల మీద వినిపించారు. 2001లో ఇలాంటి రసాయనాలను అరికట్టే అంతర్జాతీయ స్టాక్‌హోమ్ ఒప్పందం రూపుదిద్దుకోవడంలో వారి పాత్ర గణనీయమైనది. మెమోరియల్ విశ్వవిద్యాలయంలో మొదలైన స్మార్ట్‌ఐస్ అనే ప్రయత్నంలో, స్నోమొబైల్ (మంచు మీద నడిచే మోటారు వాహనం) వెనుక కట్టిన జారుడు బండికి అమర్చిన సెన్సర్లతో సముద్రపు మంచు మందాన్ని స్థానిక ఇన్యూట్ యువతే కొలుస్తారు. వేటకు ఏ దారి భద్రమో ఊరివారికి ఆ కొలతలతో తెలుస్తుంది. రెండు ఆసక్తులూ ఉన్న మీ అమ్మాయికి ఇలాంటి పని సరిగ్గా అతుకుతుంది.

ఈ దారి కావాలంటే విదేశంలో ఎమ్మెస్సీ లేదా ఎంఏ, అది కూడా థీసిస్ ఉన్న కోర్సే చేయాలి. థీసిస్ లేని కోర్సు కోసం పెద్ద బ్యాంకు అప్పు చేయవద్దు. కెనడాలో ముందుగా పర్యవేక్షకులను వెతికి, ఇన్యూట్ సమాజంతో అప్పటికే సంబంధాలున్న ప్రాజెక్టులో ఆర్థిక సహాయంతో చేరడం మేలు. క్యూబెక్‌లోని లావాల్ విశ్వవిద్యాలయం ఆర్కిటిక్ పరిశోధనకు పెద్ద కేంద్రమే గాని, అక్కడి బోధన ప్రధానంగా ఫ్రెంచిలో సాగుతుంది. నూనావుట్‌లో స్థిరపడే ఉద్యోగం మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. అక్కడి ప్రభుత్వ కొలువుల్లో ఇన్యూట్ ప్రజలకు ప్రాధాన్యం ఇవ్వాలని కెనడా ప్రభుత్వంతో వారు చేసుకున్న భూమి హక్కుల ఒప్పందంలోనే ఉంది.

భద్రత గురించి మీ ఆందోళన సహజం. స్వాల్‌బార్డ్‌లో ఊరి పొలిమేర దాటితే ధ్రువపు ఎలుగుబంట్లను బెదిరించే సాధనాలు వెంట ఉండాలి, శిక్షణ లేనిదే బయటికి పంపరు. నూనావుట్ ఊళ్ల మధ్య రోడ్లు లేవు. విమానం, వేసవిలో ఓడ మాత్రమే దిక్కు. క్షేత్రపని ఖర్చు విపరీతంగా పెరగడానికి అదే కారణం. రెండుచోట్లా ఎవరినీ ఒంటరిగా వదలరు. మీ అమ్మాయి బృందంలో భాగంగానే వెళుతుంది.

ఈ వేసవిలో ఆమెను ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని ఆంత్రోపాలజీ విభాగానికి వెళ్లి, పాడేరు, అరకు ప్రాంతాల్లో క్షేత్రపని చేస్తున్న అధ్యాపకులను కలవమని చెప్పండి. గిరిజన గ్రామంలో కొన్ని వారాలు ఉండి, ఊరివారి అనుమతితో, వారు అడిగిన ప్రశ్న మీద పనిచేసి చూసిన తర్వాత కూడా మనుషుల మధ్య పరిశోధనే కావాలనిపిస్తే విదేశీ దరఖాస్తులు మొదలుపెట్టవచ్చు. కొలతల వైపే మనసు లాగితే ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షల ప్రకటనలు ఇప్పటి నుంచే చూసుకోవాలి.