బఠాణీ పూత ఎందుకు రాలింది?

ప్రశ్న: నాలుగేళ్లుగా రసాయనాలు వాడకుండా కూరగాయలు పండిస్తున్నాను. ఆగస్టు రెండో వారంలో, కిరాణా కొట్టులో కొన్న ఎండు బఠాణీలను ఐదు గుంటల నేలలో విత్తాను. రెండు ట్రాక్టర్ల పశువుల ఎరువు తోలాను, వారానికోసారి పేడ, గోమూత్రంతో చేసే జీవామృతం పోశాను. తీగ నడుమెత్తు పెరిగింది కానీ పూతంతా రాలింది. వానలకు కొన్ని మొక్కలు పసుపుబారి చచ్చిపోయాయి, మిగిలినవాటి ఆకులపై తెల్లటి బూడిద కమ్మింది. మా నేలకు బఠాణీ పనికిరాదా? పక్కనే మొక్కజొన్న కోసిన మడి ఖాళీగా ఉంది.
– ఒక రైతు, వికారాబాద్ జిల్లా

జవాబు: నేలను అనుమానించకండి. పంట తప్పింది అదును దగ్గర. బఠాణీ చలి పంట. పగటి వేడి 30 డిగ్రీలు దాటితే పూత నిలవదు, నిలిచిన కాయలోనూ గింజ సరిగా కట్టదు. మీ పంట సెప్టెంబరు ఉక్కలో పూతకొచ్చింది. దానికి ఏ కషాయం కొట్టినా ఫలితం ఉండేది కాదు. దసరా వానలు వెనకపట్టాక, అక్టోబరు రెండో పక్షం నుంచి నవంబరు సగం వరకు విత్తితే పూత, కాయ డిసెంబరు, జనవరి చలిలో పడతాయి. మీ ప్రాంతపు చలి ఈ పంటకు బాగా సరిపోతుంది.

ఇక విత్తనం. కిరాణా కొట్టులో దొరికేది ఎక్కువగా పప్పుకోసం పండించిన రకం. గింజ గుండ్రంగా, నున్నగా ఉంటుంది, పిండి ఎక్కువ, తీపి తక్కువ. కూరకు వాడే తీపి బఠాణీ విత్తనం ఎండితే ముడతలు పడుతుంది. దాన్ని చూసి పొల్లు గింజలంటూ దుకాణానికి తిరిగి ఇచ్చేసిన రైతులు నాకు తెలుసు! 160 ఏళ్ల కిందట వంశపారంపర్య సూత్రాలు కనిపెట్టిన మెండెల్ తన తోటలో లెక్కపెట్టిన గుండ్రటి గింజలు, ముడతల గింజలు ఇవే. త్వరగా కాపుకొచ్చే ఆర్కెల్ రకం రెండు నెలల్లో కోతకొస్తుంది కానీ బూడిద తెగులుకు తట్టుకోదు. మీకు ఆ తెగులు ఒకసారి వచ్చింది కాబట్టి, బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్క అజిత్ మేలని నా అభిప్రాయం. అది బూడిద తెగులును, తుప్పు తెగులును తట్టుకుంటుంది. ఐదు గుంటలకు ఐదారు కిలోలు చాలు. రంగు పూసిన విత్తనం మందు పట్టించినది, మీకు వద్దు.

మొక్కజొన్న మడిలోనే విత్తండి. మొక్కలు చచ్చిన మడిలో తెగులు శిలీంధ్రం మిగిలి ఉంటుంది, పైగా అక్కడ ఎరువు మరీ ఎక్కువైంది. బఠాణీ తన నత్రజనిని వేరు బుడిపెల్లో తానే తయారు చేసుకుంటుంది. మనం అతిగా పెడితే ఆ పని మానేసి తీగ సాగుతుంది. కొత్త మడికి బాగా చివికిన ఎరువు ఒక టన్ను చాలు, జీవామృతం నెలకోసారి పోసినా సరే. కిలో విత్తనానికి తెగుళ్లను అణిచే మేలు శిలీంధ్రం ట్రైకోడెర్మా విరిడి 10 గ్రాములు పట్టించి, తర్వాత పలుచని బెల్లం నీటితో, వేరు బుడిపెల్లో నత్రజని తయారుచేసే రైజోబియం బ్యాక్టీరియా కలిపి నీడలో ఆరబెట్టండి. రైజోబియం బఠాణీకి ఉద్దేశించినదే అడగండి, వేరుశనగ పొట్లం దీనికి పనిచేయదు. నెల దాటాక ఒక మొక్క పీకి బుడిపెను చిదమండి. లోపల గులాబీ రంగు ఉంటే అది పనిచేస్తున్నట్టే.

నీరు నిలవకుండా బోదెలపై, సాలుకు సాలు ఒక అడుగు, మొక్కకు మొక్క నాలుగు వేళ్ల ఎడం ఉంచండి. పూత, గింజ కట్టే దశల్లో మాత్రం తడి ఆరనివ్వకండి. ఊతానికి కందికట్టె మించినది లేదు: ఖర్చు లేదు, తీగ పట్టు జారదు, గాలి ఆడుతుంది.

బూడిద మచ్చ కనబడగానే పుల్లటి మజ్జిగ పది రెట్ల నీటిలో కలిపి కొట్టండి. ముదిరాక మజ్జిగతో ఆగదు. అప్పుడు నీటిలో కలిసే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి సాయంత్రం పిచికారీ చేయాలి. సేంద్రియ సాగులో దీన్ని అనుమతిస్తారు, అయినా సేంద్రియ ధ్రువపత్రం ఉంటే ముందుగా మీ ధ్రువీకరణ బృందాన్ని అడగండి. కాయతొలుచు పురుగుకు పూత దశ నుంచే 5 శాతం వేపగింజల కషాయం కొట్టండి.

కాయ నిండి, పచ్చదనం తగ్గకముందే పొద్దున్నే కోసి ఆ రోజే సంతకు చేర్చండి. కోసిన గంటగంటకూ గింజలోని చక్కెర పిండిగా మారుతుంది. కాయలను తీగపై ముదరనిస్తే కొత్త పూత ఆగుతుంది కనుక నాలుగైదు రోజులకోసారి కోయండి. కాపు అయ్యాక మొక్కలను పీకకుండా నేలమట్టానికి కోసి, వేర్లు మట్టిలోనే ఉంచి పాలకూర వేసుకోండి. ఆ మడిలో మూడేళ్ల దాకా మళ్లీ బఠాణీ వద్దు.