ఒకే మడుగులో రెండు అంకెలు: ఏది నిజం?

ప్రశ్న: మా విద్యార్థులు ఒక చిత్తడి నేలలో, ఒకే చోట, నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచారు. మధ్యాహ్నం మూడు గంటలకు లీటరుకు 11 మిల్లీగ్రాములు, మర్నాడు తెల్లవారుజామున 1.6 మిల్లీగ్రాములు వచ్చింది. ప్రయోగశాల నివేదికలో బీవోడీ (నీటిలోని సేంద్రియ పదార్థాన్ని తినడానికి బాక్టీరియాకు పట్టే ఆక్సిజన్) లీటరుకు 5 మిల్లీగ్రాములు, సీవోడీ (అదే పనిని రసాయనంతో చేయిస్తే పట్టే ఆక్సిజన్) 70 అని ఉంది. ఏ అంకెను నమ్మాలి? ఈ నీరు కలుషితమైనట్లా, కానట్లా? (ఒక అధ్యాపకురాలు)

జవాబు: మీ విద్యార్థులు రెండు పూటలా కొలవడం ఎంతో మంచి పని. ఆ రెండు అంకెలూ నిజం కావచ్చు. చిత్తడి నేలల్లో నీటి లోతు తక్కువ, నాచు, మునిగి పెరిగే మొక్కలు ఎక్కువ. 30 డిగ్రీల మంచినీరు గాలి నుంచి లీటరుకు సుమారు 7.6 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌నే ఇముడ్చుకోగలదు కాబట్టి, మీకు వచ్చిన 11 అనేది ఎండలో మొక్కలు విడుదల చేసిన ఆక్సిజన్ గాలిలో కలిసిపోయేలోగా నీటిలో పేరుకుపోయిన అతిసంతృప్త స్థితి. పొద్దు గూకాక ఆ ఉత్పత్తి ఆగిపోతుంది గాని, మొక్కలు, చేపలు, అడుగు బురదలోని బాక్టీరియా రాత్రంతా ఆక్సిజన్‌ను వాడుకుంటూనే ఉంటాయి. అందుకే సూర్యోదయానికి కాస్త ముందు ఆ నిల్వ అట్టడుగుకు చేరుతుంది. చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరిచి గుటకలు వేసేది ఆ వేళలోనే. చేప బతుకుతుందా లేదా అన్నది తేల్చేది ఆ కనిష్ఠమే గనుక, నా దృష్టిలో తెల్లవారుజాము అంకెకే విలువ ఎక్కువ. వేళ రాయని ఆక్సిజన్ కొలతను నేనైతే నివేదికలోకి తీసుకోను.

మీరు ఏ పద్ధతిలో కొలిచారో రాయలేదు. 1888లో రసాయన శాస్త్రవేత్త వింక్లర్ రూపొందించిన పద్ధతి నేటికీ ప్రామాణికంగానే నిలిచి ఉంది. సన్నని గొట్టాన్ని సీసా అడుగుదాకా దించి, సీసా పరిమాణానికి రెండు మూడింతల నీరు పొర్లిపోయేలా నింపి, ఒక్క గాలి బుడగ కూడా మిగలకుండా మూత బిగించాలి. బుడగ మిగిలితే ఆక్సిజన్ తక్కువగా ఉన్న నీటికి అది లేని ఆక్సిజన్‌ను అందించినట్లే. నీటిలో మాంగనస్ సల్ఫేటు, ఆ తరువాత క్షార అయోడైడు ద్రావణం కలిపి సీసాను తలకిందులు చేస్తే, ఆక్సిజన్ ఉన్న నీటిలో గోధుమరంగు పొరలు పొరలుగా మడ్డి దిగుతుంది. ఆక్సిజన్ లేకపోతే అది తెల్లగానే ఉండిపోతుంది. ఆ తెలుపును ఒకసారి కళ్లారా చూసిన విద్యార్థికి ఆక్సిజన్ లేని నీరంటే ఏమిటో వేరే చెప్పనక్కర లేదు. ఆమ్లం పోస్తే మడ్డి కరిగి అయోడిన్ పసుపు రంగు తేలుతుంది. దానిని థయోసల్ఫేటుతో, గంజి ద్రావణపు నీలం రంగు పోయేదాకా టైట్రేషన్ చేస్తారు, అంటే చుక్కచుక్కగా కలుపుతూ ఎంత పట్టిందో చూసి ఆక్సిజన్‌ను లెక్కగడతారు. అయితే చిత్తడి నీటిలో ఒక చిక్కు ఉంది: కుళ్లిన ఆకుల రంగు దిగి తేనీరులా ఉన్న నీటిలో ఆ రంగు మార్పు సరిగా కనబడదు, సేంద్రియ పదార్థం కొంత అయోడిన్‌ను తానే వాడేసుకుంటుంది కూడా. అటువంటి చోట కాంతి సూత్రంతో పనిచేసే ప్రోబ్ (నీటిలో ముంచి కొలిచే పరికరం) మేలు. దానిని ప్రతిసారీ తేమతో నిండిన గాలిలో సరిచూసుకోవాలి, బురదకు తగలనివ్వకూడదు.

ఇక బీవోడీ. సీసాలోని నీటిని 20 డిగ్రీల వద్ద 5 రోజులు చీకటిలో ఉంచి, ఎంత ఆక్సిజన్ తగ్గిందో చూడటమే ఈ పరీక్ష. 27 డిగ్రీల వద్ద 3 రోజులు ఉంచే పద్ధతి కూడా వాడుకలో ఉంది గనుక, ఉష్ణోగ్రత, రోజులు తెలియకుండా రెండు నివేదికలను పోల్చడం తగదు. అంతకన్నా ముఖ్యమైన సంగతి, సీసాలోకి వెళ్లేది నీరు మాత్రమే, అడుగు బురద కాదు. మీ మడుగులో రాత్రిపూట ఆక్సిజన్‌ను తాగేస్తున్నది ప్రధానంగా ఆ బురదే అయితే, బీవోడీ 5 ఉన్నచోట తెల్లవారుజామున 1.6 కనబడటంలో వింతేమీ లేదు. పైగా ఆ 5లో కొంత భాగం చీకటిలో శ్వాసించే నాచుదే కావచ్చు.

సీవోడీ 70 చూసి కంగారు పడకండి. వేడి ఆమ్లంలో పొటాషియం డైక్రోమేట్ ఆక్సీకరించగలిగిన దాదాపు అన్నిటినీ ఆ అంకె లెక్కిస్తుంది. బాక్టీరియా సులువుగా తినలేని హ్యూమిక్ పదార్థాలు, అంటే ఆకులలములు చివికి మిగిలినవి, చిత్తడి నేలల్లో సహజంగానే ఎక్కువ. ఇళ్ల నుంచి తాజాగా వచ్చే మురుగునీటిలో సీవోడీ సాధారణంగా బీవోడీకి రెండు మూడింతలే ఉంటుంది. మీ నివేదికలో అది పద్నాలుగింతలు, అంటే ఇందులో ఎక్కువ భాగం బాక్టీరియా సులువుగా తినలేని పదార్థమే కావచ్చు. నీరు ఉప్పగా ఉంటే క్లోరైడు కూడా ఈ అంకెను పెంచుతుంది, దానిని పాదరస లవణంతో అణచిపెట్టారో లేదో ప్రయోగశాలను అడగండి.

కాబట్టి మురుగు కలిసిందని మీ అంకెలు నిరూపించడం లేదు, కలవలేదనీ చెప్పడం లేదు. అది తేలాలంటే నీరు లోపలికి వచ్చే చోట, బయటికి పోయే చోట, ఒకే తెల్లవారుజామున, ఒకే లోతులో, అమోనియాతో పాటు ఈ కొలతలన్నీ తీసుకోండి. నీరు లోపలికి వచ్చే చోట అమోనియా, బీవోడీ రెండూ ఎక్కువగా ఉండి, లోపలికి పోయేకొద్దీ తగ్గుతూ వస్తే, పైనుంచి మురుగు వస్తోందని గట్టిగా అనుమానించవచ్చు. అంతటా ఒకేలా ఉండి, బీవోడీ తక్కువగానే ఉంటే, ఆక్సిజన్‌ను తాగుతున్నది ఆ నేల తన సొంత బురద అనుకోవడమే సబబు.