మొదటి వారం సబ్బు ఎవరిచ్చారు?

చిన్న కేసుల్లో జైలుకెళ్లినవాళ్లు తీవ్రవాదులుగా ఎందుకు తయారవుతారు, వాళ్లను మళ్లీ మార్చడం కుదురుతుందా అని అడిగారు. నేను జైలు అధికారిని కాను. నాలుగేళ్లు వారానికి రెండు రోజులు ఖైదీలకు చదవడం, రాయడం నేర్పాను. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

ఇదంతా ఆవేశపూరిత ప్రసంగాలతో మొదలవుతుందని అనుకునేవాణ్ణి. నేను చూసినచోట సబ్బుతో మొదలైంది. దొంగతనం కేసులో వచ్చిన ఒక కుర్రాడి దుప్పటిని మొదటి వారమే ఎవరో లాగేసుకున్నారు. సిబ్బందికి చెబితే విసుక్కున్నారు. బ్యారక్‌లో ఒక పెద్దాయన ఆ దుప్పటి తిరిగి ఇప్పించి, సబ్బిచ్చి, తన పక్కనే చోటిచ్చాడు. రెండు నెలలదాకా సిద్ధాంతం ఊసే ఎత్తలేదట. ఎత్తేనాటికి కాదనే ధైర్యం వీడికి లేదు. అంతవరకూ ఇంటికి రాసే ఉత్తరాల్లో ‘నేను’ అని రాసేవాడు, ఆ తర్వాత అన్నీ ‘మేము’లే.

ఆ పెద్దాయన్ని వేరే గదిలో పెడితే సరి అంటారు. ఫ్రాన్స్‌లోని ఫ్లూరీ మెరోజిస్ జైల్లో, తీవ్రవాద కేసులో శిక్షపడిన జమాల్ బెగాల్‌ను ఒంటరిగానే ఉంచారు. అయినా దోపిడీ కేసులో ఉన్న అమెదీ కూలిబాలీ, అక్కడే ఉన్న షెరీఫ్ కువాషీ అతని ప్రభావంలో పడ్డారు. 2015 జనవరిలో పారిస్‌లో దాడులు చేసినవాళ్లలో వీళ్లిద్దరూ ఉన్నారు. పోనీ అలాంటివాళ్లందర్నీ ఒకేచోట పెడదామంటే, అక్కడ వాళ్లదే రాజ్యం.

మారారో లేదో తేల్చడం ఇంకా కష్టం. చెప్పినదానికల్లా తలూపేవాణ్ణి చూస్తే నాకు భయం, వాదించేవాడే నయం. బ్రిటన్‌లో తీవ్రవాద కేసులో శిక్షపడిన ఉస్మాన్ ఖాన్ జైల్లో మార్పు కోసం పెట్టిన కోర్సు చేశాడు, 2018 డిసెంబరులో విడుదలయ్యాడు. 2019 నవంబరు 29న లండన్‌లో, ఖైదీల చదువు కోసం జరిగిన సభలోనే ఇద్దర్ని చంపాడు. ఆ వారం క్లాసుకెళ్లాలంటే నాకు టెన్షన్ వచ్చింది. అయితే ఆ రోజు అతనికి ఎదురెళ్లినవాళ్లలో, హత్య కేసులో శిక్ష అనుభవిస్తూ ఒక్కరోజు అనుమతిపై వచ్చిన ఖైదీ కూడా ఉన్నాడు. అందుకే క్లాసు మానలేదు.

మా కుర్రాడి విషయంలో ఉపన్యాసాలేవీ పనిచేయలేదు. బ్యారక్ మార్చారు, చాన్నాళ్లుగా రాని అక్క ములాఖత్‌కు రావడం మొదలుపెట్టింది. బయటికొచ్చాక తన ఇంట్లో ఉండొచ్చని చెప్పింది. నేను దిద్దిన చివరి ఉత్తరంలో మళ్లీ ‘నేను’ కనిపించింది. మనస్ఫూర్తిగా రాశాడో, దిద్దేది నేనని తెలిసి రాశాడో మరి.