పాత జాజ్ రికార్డులు కొనేముందు సూది కొనండి

మీ ఇంట్లో ఎల్పీ ప్లేయర్ ఉంది. 1923 నాటి కింగ్ ఆలివర్ అనే న్యూ ఆర్లీన్స్ జాజ్ కళాకారుడి బ్యాండు రికార్డు, జెన్నెట్ కంపెనీది, ఆన్‌లైన్‌లో అమ్మకానికి కనిపించింది. దాంతోనే సేకరణ మొదలుపెట్టొచ్చా అని అడిగారు. ఇప్పుడే వద్దండి. నేను ఒహాయోలోని డేటన్‌లో ఉంటూ పన్నెండేళ్లుగా ఈ రికార్డులు కొంటున్నాను. మొదట కొనాల్సింది సూది అని నాకు ఆలస్యంగా తెలిసింది.

ఎల్పీ సూది మొన సుమారు 18 మైక్రాన్లు ఉంటుంది. మీరు చూసినలాంటి పాత రికార్డులు నిమిషానికి 78 చుట్లు తిరిగేవి, అంటే 78 ఆర్పీఎం; వాటి గాడి చాలా వెడల్పు కాబట్టి దానికి 75 మైక్రాన్ల సూది కావాలి. ఎల్పీ సూది పెడితే అది గాడి అడుక్కి జారిపోతుంది. సంగీతం ఉండేది గాడి గోడల మీద, అడుగున ఉండేది మురికి. నేను ఆరు నెలలు ఆ మురికినే విన్నాను. రికార్డులు అరిగిపోయాయనుకుని కొన్ని ఎవరికో ఇచ్చేశాను కూడా. సరైన సూది పెట్టాక మిగిలినవాటిలో బాంజో వేరుగా, క్లారినెట్ వేరుగా వినిపించాయి. ఇచ్చేసినవి గుర్తొస్తే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. మీ ప్లేయర్‌కి 78 స్పీడు ఉందో లేదో కూడా చూసుకోండి, చాలావాటికి ఉండదు.

ఇక శుభ్రం చేయడం. ఎల్పీలకు వాడే ఆల్కహాల్ ద్రావణంతో ఫ్లెచర్ హెండర్సన్ అనే పాత జాజ్ బ్యాండు నాయకుడి రికార్డొకటి తుడిచాను. గుడ్డకి నల్లగా అంటింది. మురికి బాగా పోతోందని సంతోషించి ఇంకా తుడిచాను. ఆరాక చూస్తే ఆ వైపు మెరుపంతా పోయింది, పాటలో బుసబుస తప్ప ఏమీ మిగల్లేదు. నా గుడ్డకి అంటింది రికార్డే. ఆ రోజుల్లో రికార్డులు రాతిపొడి, మసి కలిపిన లక్కతో చేసేవారు. మన వడ్రంగులు పాలిష్ కోసం లక్కను స్పిరిట్‌లోనే కదా కరిగిస్తారు! అమెరికా ఫ్యాక్టరీలకి ఆ లక్క ఎక్కువగా మన దేశం నుంచే, కలకత్తా రేవు మీదుగా వెళ్లేది. చోటానాగపూర్ అడవుల్లో మోదుగ, కుసుమ చెట్ల మీద పురుగులు పెట్టిన లక్క మీద జాజ్ పుట్టిన న్యూ ఆర్లీన్స్ కార్నెట్, అంటే చిన్న బాకా, పలికిందన్నమాట. నాకీ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది. తుడవడానికి గోరువెచ్చని నీళ్లు, ఒక చుక్క డిష్ సోపు చాలు. మధ్యలోని కాగితం లేబుల్ తడవనివ్వకండి. ఎడిసన్ కంపెనీవి, పావు అంగుళం మందంగా ఉండే డిస్కులకు మాత్రం నీళ్లు కూడా తగలకూడదు, లోపలి పొర ఉబ్బిపోతుంది.

రికార్డుల్లో మొదట ఏం కొనాలంటే, 1920ల్లో పేరుమోసిన పాల్ వైట్‌మన్ డాన్సు ఆర్కెస్ట్రావి. అవి లెక్కలేనన్ని అమ్ముడయ్యాయి కాబట్టి ఇప్పటికీ చవగ్గా దొరుకుతాయి. జాజ్ సేకర్తలు చాలామంది వాటిని పట్టించుకోరు, అది పొరపాటని నా అభిప్రాయం. 1927 చివరి నుంచి 1929 దాకా బిక్స్ బైడర్‌బెక్ అనే గొప్ప జాజ్ కళాకారుడు ఆ ఆర్కెస్ట్రాలో కార్నెట్ వాయించాడు. గరాజ్ సేల్‌లో రెండు డాలర్లు పెట్టి కొన్న రికార్డులో ఉన్నట్టుండి ఆయన సోలో మొదలైతే ఎంత ఆనందమో చెప్పలేను. విక్టర్ కంపెనీ రికార్డుల మీద అండాకారంలో వీఈ అనే అక్షరాలు ఉంటే అది 1925 తర్వాత మైకుతో చేసిన రికార్డింగ్ అని అర్థం. కొత్త చెవికి అవే హాయిగా ఉంటాయి. ఏ రికార్డులో ఎవరు వాయించారో తెలియాలంటే, లేబుల్ పక్కన చెక్కిన మాత్రికా సంఖ్యతో, అంటే ఆ రికార్డింగ్‌కి కంపెనీ ఇచ్చిన నంబరుతో, శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ల డేటాబేస్‌లో వెతకండి. ఉచితమే.

మీ జెన్నెట్ రికార్డు మైకు లేని కాలంది. ఆ స్టూడియో ఇండియానాలోని రిచ్‌మండ్‌లో, స్టార్ పియానో ఫ్యాక్టరీ ఆవరణలో ఉండేది. మా ఊరి నుంచి గంట కూడా పట్టదు. పక్కనే రైలు పట్టాలు. రైలొస్తే రికార్డింగ్ ఆపేయాల్సిందే. 1923 ఏప్రిల్‌లో బ్యాండంతా ఒక పెద్ద గరాటు ముందు నిలబడి వాయించింది, ఆ ధ్వని తాకిడికే సూది కదిలి మైనం మీద గాడి పడింది. ఆ బ్యాండులో అప్పుడు కుర్రవాడైన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ బాకా మరీ గట్టిగా ఉందని ఆయన్ని దూరంగా నిలబెట్టారని పియానో వాయించిన లిల్ హార్డిన్ తర్వాత చెప్పారు. ఆయన మొదటి సోలో రికార్డు అయింది అక్కడే. అలాంటి రికార్డులో ఆ దూరం కూడా వినాలి. గాడి అరిగిపోతే ముందు పోయేది అదే.

అందుకే ఆ అమ్మే ఆయన్ని మూడు అడగండి. ఏటవాలు వెలుతురులో తీసిన ఫొటో కావాలనండి: గాడులు బూడిదరంగులో కనిపిస్తే ఉక్కు సూదులు తినేసినట్టే. వెంట్రుకవాసి పగుళ్లున్నాయేమో అడగండి. పాటలో బ్యాండంతా కలిసి గట్టిగా వాయించే చోటు నుంచి ముప్పై సెకన్లు ఫోన్లో రికార్డు చేసి పంపమనండి. పంపనంటే వదిలేయండి. పంపితే, ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్‌లో అదే పాట విని పోల్చి చూడండి. అది బావుంటే, మీ కొత్త సూది ఇంటికొచ్చాక, రెండు గట్టి అట్టల మధ్య పెట్టి, పెట్టెలో పెట్టె వేసి పంపమని చెప్పి కొనండి.